అమపోలా వీధిలో రోజూ జరిగిన ప్రమాదం

ఒఫేలియా బరాగాన్‌కు ఆలస్యమంటే ఒళ్లు మంట. లాస్ ఏంజెలెస్‌లో ఇరవై తొమ్మిదేళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి. ఏడూ పన్నెండుకు స్టాపులో ఉండాలంటే ఏడూ పన్నెండుకే ఉండాలి, పదకొండుకు వచ్చి వెళ్లిపోయినా తప్పే, ఆ ఒక్క నిమిషాన్నీ నమ్ముకుని పరిగెత్తుకొస్తున్నవాడు ఒకడుంటాడు కదా అనేది. పెళ్లిళ్లకైనా చావులకైనా నిమిషం తేడా రానిచ్చేది కాదు. తన రిటైర్మెంట్ విందుకు చెప్పిన వేళకే వెళ్లి, మిగతావాళ్లు వచ్చేదాకా ఖాళీ బల్లల మధ్య ఒక్కతే కూర్చుని అందరినీ పేరుపేరునా తిట్టుకుంది.

ఊరి దారులు ఆమెకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఏ కూడలిలో ఎడమకు తిరిగే పచ్చలైటు ఎంతసేపు ఉంటుందో, ఏ బడి ముందు శుక్రవారాలు కార్లు రెండు వరసల్లో ఆగిపోతాయో, వానొస్తే ఏ వంతెన కింద నీళ్లు నిలుస్తాయో ఎవరూ నేర్పలేదు, నడిపి నడిపి పట్టుబడింది. మొదట్లో రోజుకు వందమంది ఆమెను దారి అడిగేవాళ్లు. ఆసుపత్రికి ఎక్కడ దిగాలి, కోర్టుకు ఏ బస్సు మారాలి అని. విసుక్కుంటూనే చెప్పేది, దిగాల్సిన చోటు రాగానే అద్దంలోంచి చూసి మరీ కేకేసేది. చివరి ఐదారేళ్లలో ఎవరూ అడగడం మానేశారు. బస్సెక్కి ఫోను చూసుకునేవాళ్లు, తర్వాత ఆమె మొహం చూసేవాళ్లు, ఈవిడ సరిగ్గానే తీసుకెళ్తోందా అన్నట్టు. ఆ చూపు లోపలెక్కడో గుచ్చుకుంది గానీ ఎవరితోనూ చెప్పుకోలేదు. రిటైరైనప్పుడు పోనీలే, ఆ బాధ కూడా తీరింది అనుకుంది. ఆ ఫోను తన గుమ్మం దాకా వస్తుందని అప్పుడు తెలియదు.

ఆమె ఇల్లు అమపోలా వీధిలో, గుట్ట నడిమధ్య. నిటారుగా ఎక్కే ఇరుకు వీధి అది. కింద ఒక మలుపు, ఆ మలుపు దాటితే పెద్ద రోడ్డు. రెండు కార్లు ఎదురుపడితే ఒకటి ఎవరో ఒకరి గేటులోకి తప్పుకోవాల్సిందే. కిందికి దిగేవాడు తప్పుకుని పైకి ఎక్కేవాడికి దారివ్వాలన్నది ఆ వీధి పద్ధతి. తప్పుకున్నవాడికి ఎక్కేవాడు చెయ్యి ఊపి వెళ్లాలి, అదీ పద్ధతే. ముప్ఫై ఏళ్లుగా అలా చేతులు ఊపుకుంటూ బతికారు.

ఊరి పెద్ద రహదారి ఫ్రీవే మీద పొద్దున్నే జనం కార్లలో కదలకుండా నిలబడిపోతున్నారు కదా, వాళ్లను తప్పించడానికి ఫోనులో దారి చూపే యాప్ ఒకటి ఈ వీధిని కనిపెట్టింది. గుట్ట ఎక్కి అవతల దిగితే పదకొండు నిమిషాలు కలిసొస్తాయట. ఇంకేం, ఆరూ ముప్పావుకల్లా వరద మొదలయ్యేది. తొమ్మిదిన్నర దాకా కారు వెనక కారు, ముక్కూ తోకా అంటించుకుని. ఎవరికీ వీధి పద్ధతి తెలియదు, ఎవరూ చెయ్యి ఊపరు. అందరి కళ్లూ ఫోనులోని నీలం గీత మీదే. సాయంత్రం అదే వరద వెనక్కి తిరిగేది. నెల తిరక్కముందే ఒఫేలియా కారు అద్దం ఎవరో ఊడగొట్టి పోయారు. అద్దం పోతే పోయింది, ఆమె మంట దాని గురించి కాదు.

మంట భర్త గురించి. లాజరో బరాగాన్ దుకాణాల బోర్డులు రాసేవాడు. ఆ చుట్టుపక్కల సగం రొట్టెల కొట్లమీద, మంగలి షాపులమీద ఇప్పటికీ ఆయన చేతి అక్షరాలే ఉన్నాయి. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి వైపంతా పట్టేసింది. మాట పోయి, తర్వాత కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

ఎదురింట్లో సర్కిస్ ఉంటాడు. ఆర్మీనియా వాడు, చెప్పులు కుట్టే షాపు నడిపి మానేశాడు. పదిహేనేళ్లుగా పొద్దున్నే లాజరో రోడ్డు దాటి సర్కిస్ వరండాలో కూర్చోవడం, ఇద్దరూ నార్ది ఆడటం అలవాటు. పాచికలు వేసి చెక్కపలక మీద కాయలు జరిపే ఆట అది. జబ్బు చేశాక సర్కిసే పలక చంకన పెట్టుకుని ఇవతలికి వచ్చేవాడు. లాజరోకు అది నచ్చలేదు. ఆసుపత్రికి వచ్చినట్టు వస్తున్నాడు అన్నాడు ఒకరోజు, ఎంతో కష్టపడి ఆ మూడు ముక్కలూ కూడదీసుకుని. ఆ తర్వాత పాచికలు చేతిలోకి తీసుకోవడమే మానేశాడు.

నడక నేర్పడానికి ఏజెన్సీ నుంచి మరివిక్ దుమ్‌లావ్ అనే ఫిజియోథెరపిస్ట్ వచ్చేది. ఫిలిప్పీన్స్ మనిషి, నలభై ఏళ్లుంటాయి, మెల్లగా మాట్లాడుతుంది. మంగళవారం, గురువారం, పొద్దున ఎనిమిదికి. మొదటి రోజు ఆమె లాజరోను కాలు ఎత్తమనలేదు, చెయ్యి చాపమనలేదు. మీకు ఏం చెయ్యాలనుంది సార్ అని అడిగింది. ఆయన ఎడమచేత్తో ఎదురింటి వరండా చూపించాడు. ఆమె లేచి వెళ్లి అడుగులు లెక్కపెట్టుకుని వచ్చింది. ఇక్కణ్ణుంచి అక్కడికి ముప్ఫై ఒకటి. అయితే ముప్ఫై ఒక్క అడుగులు నడుద్దాం అంది. ఆ రోజు నుంచి ఒఫేలియాకు ఆ పిల్ల అంటే ఇష్టం కలిగింది. ఇష్టం కలిగిందని చెప్పే మనిషి కాదు గనక కాఫీలో దాల్చినచెక్క కాస్త ఎక్కువ వేసి ఇచ్చేది.

లాజరోకు ఇంటి ముందు మెట్లు దిగడం వచ్చింది, గేటు దాకా రావడం వచ్చింది. మార్చిలో ఒకరోజు రోడ్డులోకి దిగారు. ఆరు అడుగులు వేశాడు. కిందనుంచి ఒక కారు దూసుకొచ్చి కీచుమని ఆగింది. దాని వెనక ఎనిమిదో తొమ్మిదో ఆగాయి, అన్నీ హారన్లే. లాజరో కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. ముందుకు రావు, వెనక్కి రావు. మొదటి కారువాడు తల బయటపెట్టి, తాతా, నాకు టైమైపోతోంది అన్నాడు, పెద్ద కోపంగా కూడా కాదు. ఇద్దరు ఆడవాళ్లూ చెరోవైపు పట్టుకుని ఆయన్ను వెనక్కి తెచ్చేసరికి ప్యాంటు తడిసిపోయింది. సర్కిస్ అవతలి వరండాలోంచి అంతా చూసి, చూడనట్టు లోపలికి వెళ్లిపోయాడు. ఆ మర్యాద ఒఫేలియాకు అర్థమైంది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అప్పట్నుంచి లాజరో పొద్దున పూట వరండాలోకి కూడా రానన్నాడు. మధ్యాహ్నం నడిపిద్దామంటే ఎండకు తల తిరిగేది. మరివిక్‌కు ఖాళీ ఉన్నది ఆ పొద్దుటి వేళే, ఆమె లేకుండా రోడ్డు దాటించొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వీధివాళ్లు నగరపాలక కార్యాలయానికి అర్జీ పెట్టుకున్నారు. రోడ్డు అందరిదీ, అందులో ఎవరైనా వెళ్లవచ్చు అని జవాబు వచ్చింది. మాటకు అది నిజమే గనక ఒఫేలియాకు మరీ మండింది.

ఉపాయం చెప్పింది సర్కిస్. ఆ యాప్‌లో ఒక బొమ్మ ఉంటుందట, ముందు దారిలో ప్రమాదం జరిగిందని మిగతావాళ్లకు చెప్పడానికి. ఒక్కరు నొక్కితే నమ్మదు. ముగ్గురో నలుగురో అక్కడే నిలబడి నొక్కితే నమ్మి, వీధి మూసేసినట్టు చూపించి, కార్లన్నింటినీ వేరే దారికి మళ్లిస్తుంది.

"అంటే అబద్ధం చెప్పమంటావా?" అంది ఒఫేలియా.

"ఎవరికి చెల్లెమ్మా? మనిషికి కాదు కదా, మిషన్‌కి. అది మన గుమ్మంలోకి రావడానికి మనల్ని అడిగిందా?"

ఆమె రెండు రోజులు ఆలోచించింది. నడిపినన్నాళ్లూ కంట్రోల్ రూముకు ఒక్క తప్పుడు మాట చెప్పలేదు. లేటైతే లేటైందనే చెప్పేది. కానీ ప్రతి ఉదయం కిటికీ కర్టెన్ వేసేసి గోడవైపు తిరిగి పడుకుంటున్న ముసలాయన్ను చూస్తే ఆ నిజాయితీ ఎందుకూ పనికిరానిదిగా కనిపించింది. మూడో రోజు నొక్కింది.

ఒకసారి దిగాక ఆమె పనిని సగంలో వదిలే రకం కాదు. ఆరిళ్ల వాళ్లు కలిశారు. అందరూ రోజూ నొక్కితే యాప్‌కు అనుమానం వస్తుందని డిపోలో డ్యూటీలు వేసినట్టు వంతులు వేసింది. సోమవారం వీళ్లు, మంగళవారం వాళ్లు. ఆరూ నలభైకల్లా కింది మలుపు దగ్గర ఉండాలి, కాఫీ కప్పుతో నిలబడాలి, కబుర్లు చెప్పుకుంటున్నట్టు కనిపించాలి, నొక్కి వెనక్కి రావాలి. ఎవరైనా ఐదు నిమిషాలు ఆలస్యమైతే తలుపు కొట్టి చీవాట్లు పెట్టేది. అబద్ధాన్ని ఇంత క్రమశిక్షణతో ఆడిన వీధి ఆ ఊళ్లో మరొకటి ఉండదు.

పనిచేసింది. వారం తిరగకుండా వీధి మళ్లీ పాత వీధైంది. పొద్దున పిట్టల అరుపులు వినిపించాయి. ఎవరిదో పిల్లి నడిరోడ్డు మీద కూర్చుని ఒళ్లు నాక్కుంది. ఒఫేలియా కిటికీ కర్టెన్ తీసి, రారా ముసలోడా, చూడు అంది. ఆయన చాలాసేపు చూసి, బూట్లు అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

ఇక రోజుకు నాలుగడుగులు పెరుగుతాయనుకుంటే, అప్పుడే మరివిక్ ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. అంతకుముందు కార్ల వరదలోనే కిందనుంచి ఎక్కి వచ్చినా ఎనిమిదికి రెండు నిమిషాల ముందే గేటు దగ్గర ఉండేది. ఇప్పుడు ఎనిమిదింబావు, ఎనిమిదిన్నర, ఒకరోజు ఎనిమిదీ నలభై. తొమ్మిదికి ఇంకో పేషెంటు దగ్గరికి వెళ్లాలి. బూట్లు తొడిగి, పడకుండా పట్టుకునేందుకు నడుముకు పట్టీ కట్టి, లేచి నిలబడేసరికే సగం టైము అయిపోయేది. పదకొండు అడుగులు, పద్నాలుగు అడుగులు, మళ్లీ పదకొండు. రోడ్డంతా ఖాళీగా పడి ఉంటే దాటించే మనిషి రాదు.

సారీ మేడమ్, ట్రాఫిక్ అనేది వచ్చీ రాగానే. మూడోసారి ఆ మాట వినేసరికి ఒఫేలియాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇరవై తొమ్మిదేళ్లు ట్రాఫిక్‌లోనే బతికానమ్మా నేను. ట్రాఫిక్ ఉందని తెలిసినప్పుడు ముందే బయల్దేరాలి. అది కూడా చెప్పాలా?"

"ముందే బయల్దేరుతున్నాను మేడమ్," అంది మరివిక్. సంజాయిషీలు చెప్పుకునే మనిషి కాదు, పేషెంటు ముందు అసలే కాదు.

ఆమె కారు ఇప్పుడు గేటు ముందు ముక్కు కిందికి పెట్టుకుని ఆగుతోంది. అంటే గుట్ట చుట్టూ తిరిగి పైనుంచి దిగి వస్తోందన్నమాట. ఏ బండి ఎటు తిరిగి ఉంటే ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్క చూపులో చెప్పే ఒఫేలియా ఆ సంగతి చూసింది కూడా. చూసి, ఎందుకని తనను తాను అడగలేదు. ఆ అబద్ధం తగిలేది ఎవరో ముక్కూ మొహం తెలియని కార్లవాళ్లకు మాత్రమేనని మనసులో గట్టిగా నమ్మింది మరి. కోపంగా ఉన్న మనిషికి ఎదుటివాడి తప్పు తప్ప ఇంకేదీ ఆనదు. ఆ పిల్లకు మా మీద శ్రద్ధ పోయింది, ఇంకేదో దగ్గరి ఇల్లు చూసుకుని మమ్మల్ని చివరికి నెట్టేస్తోంది అనుకుంది.

ఏజెన్సీకి ఫోన్ చేసింది. ఏ తేదీన ఎన్ని నిమిషాలు ఆలస్యమో కాగితం చూడకుండా చెప్పింది. అవతలి అమ్మాయి రాసుకోలేక, కొంచెం నెమ్మదిగా చెప్పండి అని బతిమాలింది. రెండు వారాల తర్వాత మళ్లీ చేసింది. మూడోసారి చేసినప్పుడు, వచ్చే వారం నుంచి వేరే మనిషిని పంపిస్తామన్నారు. ఈ గురువారమే మరివిక్‌కు ఇక్కడ ఆఖరు.

ఆ మాట లాజరోకు చెబితే ఎందుకు అని అడిగాడు.

"ఎందుకేంటి? నీ టైమంతా తినేస్తోంది. నీ కోసమే చేశాను."

ఆయన ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆయనకు అలవాటే అయినా, అది జబ్బువల్ల వచ్చిన మౌనం కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది. అయినా తగ్గలేదు.

గురువారం మరివిక్ ఎనిమిదీ ముప్ఫై నాలుగుకు వచ్చింది. చేతిలో లాజరోకు ఇష్టమని తియ్యరొట్టెల పొట్లం. మొహం పీక్కుపోయి ఉంది. అయినా ఎప్పటిలాగే ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టింది, నడుముకు పట్టీ బిగించింది. ఒఫేలియా చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆఖరి రోజు కదా, ఒక మంచి మాట అనాలని ఉంది గానీ నోరు రావడం లేదు.

"మీ వీధికి ఏం దిష్టి తగిలిందో గానీ మేడమ్," అంది మరివిక్ తలెత్తకుండానే. "ఏ రోజు చూసినా ప్రమాదమే. ఇవాళ కూడా ఆ మలుపు దగ్గరే. దారి మూసేశారంటే చుట్టూ తిరిగొచ్చాను. మీకు వేళకు రాలేకపోయాను, ఏమనుకోకండి."

ఒఫేలియాకు ఒక్క క్షణం ఆ మాటలు అర్థం కాలేదు. అర్థమయ్యాక కట్టుకున్న చేతులు విప్పేసింది.

మరివిక్ చెబుతూనే ఉంది. వెళ్లేటప్పుడు ఆ మలుపు మీదుగానే దిగుతుందట. అప్పటికి అక్కడేమీ ఉండదట. అద్దం పెంకులు కూడా లేకుండా ఇంత శుభ్రంగా ఎప్పుడు ఎత్తేస్తారో అని ఆశ్చర్యపోయేదట.

"ఫోన్లో ఆ గుర్తు కనబడగానే వాళ్లకోసం ఒక ప్రార్థన చేసుకుంటాను. ఎవరో ఏమిటో తెలీదు, ఎవరి మొగుడో ఎవరి బిడ్డో. మా అమ్మకి కూడా చెప్పాను. ఆవిడ అక్కడ మా ఊళ్లో ప్రతి ఆదివారం మీ వీధి పేరు చెప్పి చర్చి పూజలో ప్రార్థన చేయిస్తోంది."

లాజరో భార్య వైపే చూస్తున్నాడు. ఆమెకు అప్పుడు తెలిసింది, పక్క మీదనుంచి కిటికీలోంచి ఆయన అన్నీ చూస్తూనే ఉన్నాడని, తాను కప్పు పట్టుకుని మలుపు దాకా దిగి వెళ్లడం, రావడం.

"చెప్పు ఒఫీ," అన్నాడు.

ఆమె చెప్పింది. ఎక్కడా తగ్గించకుండా, వంతులు వేసింది తానేనని, ఏజెన్సీకి మూడుసార్లు ఫోన్ చేసిందీ తానేనని, బస్సు లేటైన కారణం చెప్పినంత పొడిగా చెప్పింది. చెబుతున్నంతసేపూ మరివిక్ మొహంలోకి చూసే ధైర్యం లేక ఆమె చేతిలోని పట్టీ కొస వైపు చూసింది.

"అంటే ఎవరికీ ఏం కాలేదా?" అంది మరివిక్.

"లేదు."

"ఇన్నాళ్లలో ఒక్కరికి కూడా?"

"ఒక్కరికి కూడా ఏం కాలేదు."

మరివిక్ కళ్లు మూసుకుని గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. ఆమె మొహంలో మొదట కనిపించింది సంతోషం. తిడుతుందని గుండె రాయి చేసుకుని నిలబడిన ఒఫేలియాకు ఆ సంతోషం చూడగానే తల తీసేసినట్టయింది. కోపం తర్వాత వచ్చింది, అదీ మెల్లగానే. సూపర్‌వైజర్ ముందు నిలబడి ఫోను చూపించిందట. రోజూ ఒకేచోట ప్రమాదం ఎలా జరుగుతుంది, అబద్ధమాడినా నమ్మేట్టు ఆడాలి అన్నారట. పదహారేళ్ల ఉద్యోగంలో తనను అబద్ధాలకోరని ఎవరూ అనలేదు అంది. అని, లేచి వీధివైపు చూసింది. రోడ్డు పొడవునా ఎండ పరుచుకుని ఉంది, ఒక్క కారు లేదు.

"ఇది ఎప్పటిదాకా ఇలా ఉంటుంది?"

"తొమ్మిదిన్నర దాకా."

మరివిక్ పక్కకు వెళ్లి ఎవరికో ఫోన్ చేసి, ఇవాళ కొంచెం ఆలస్యమవుతుందని క్షమాపణ చెప్పుకుంది. తిరిగొచ్చి లాజరో నడుము పట్టీ పట్టుకుంది. పదండి సార్, ఎట్లాగూ ఖాళీగా ఉంది, దాటేద్దాం అంది.

దాటారు. ఆరో అడుగు దగ్గర ఆయన ఆగాడు, కిందికి చూశాడు. ఏమీ రాలేదు. మళ్లీ కదిలాడు. ఇరవై దగ్గర కుడికాలు ఈడ్చుకుపోయింది, మరివిక్ తన పాదంతో దాన్ని ముందుకు తోసింది. ఒఫేలియా గేటు పట్టుకుని ఇవతలే నిలబడిపోయింది. ఆ నడకలో తనకు భాగం లేదనిపించింది. ముప్ఫై ఒకటి అనుకున్నది నలభై నాలుగైంది, ఆయన అడుగులు చిన్నవి గనక. సర్కిస్ లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక ముందు కుర్చీ తుడిచాడు, తర్వాత లోపలికి పరిగెత్తి పలక తెచ్చాడు. లాజరో కూర్చుని, రొప్పుతూనే, ఎడమచేత్తో పాచికలు అందుకున్నాడు.

నాలుగుసార్లు పాచికలు వేశాక ఆయన్ను ఇవతలికి దాటించి మరివిక్ తన సంచి తీసుకుంటున్నప్పుడు ఒఫేలియా ఆమె చెయ్యి పట్టుకుంది. ఇప్పుడే ఏజెన్సీకి ఫోన్ చేసి అంతా చెబుతానంది. మరివిక్ తలూపింది. చెప్పండి మేడమ్, నాకు మంచిది అంది. కారు తలుపు తీసి, మళ్లీ ఇటు తిరిగింది.

"నేను లేటని చెప్పింది నా తర్వాతి పేషెంటుకి. మీ కింది వీధిలోనే ఉంటుంది. తుంటి ఎముక విరిగింది, ఒక్కతే ఉంటుంది. గేటు దాటి ఎదురుగా ఉన్న చర్చి మెట్ల దాకా నడవాలని ఆవిడ ఆశ. ఎలాగోలా గేటు దాకా తెచ్చాను. ఈ రెండు నెలల్నించి ఆ వీధి నిండా కార్లే. ఇంట్లోనే గోడ పట్టుకుని తిప్పుతున్నాను. ఇంతకాలం లేని కార్లు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయా అని ఇద్దరం అనుకునేవాళ్లం."

ఆవిడ పేరేమిటని ఒఫేలియా అడిగింది. పేషెంట్ల పేర్లు చెప్పకూడదు మేడమ్ అని మరివిక్ వెళ్లిపోయింది.

ఏజెన్సీ వాళ్లు అంతా విన్నారు. సూపర్‌వైజర్ ఒకాయన లైనులోకి వచ్చి రెండుసార్లు చెప్పించుకున్నాడు. మరివిక్ ఫైల్లో పడిన మచ్చ తీసేస్తామన్నాడు. కానీ ఆమెను ఊరికి అవతలి కొసన ఉన్న ఇళ్లకు అప్పటికే వేసేశారు, అది మారదన్నాడు. ఒఫేలియా థాంక్స్ చెప్పి పెట్టేసింది. తనకు అంతకన్నా ఎక్కువ అడిగే మొహం లేదు.

ఆ సాయంత్రం లాజరోకు కింది వీధి ఆవిడ సంగతి చెప్పింది. మర్నాడు ఆరిళ్ల తలుపులూ కొట్టి వంతులు రద్దు చేస్తున్నానని చెప్పింది. నలుగురు తిట్టారు. ఒకావిడ, నీకు పని అయిపోయింది గనక ఇప్పుడు నీతులు చెబుతున్నావు అంది. ఒఫేలియా ఆ మాట పడింది. సర్కిస్ మాత్రం, మరి లాజరో ఎలా వస్తాడు చెల్లెమ్మా అని అడిగాడు. తెలీదన్నయ్యా అంది. నిజంగానే తెలియదు.

మంగళవారం ఆరూ ముప్పావుకు మొదటి కారు మలుపు తిరిగింది. ఏడింటికల్లా వీధి నిండిపోయింది. కొత్త ఫిజియోథెరపిస్ట్ కుర్రాడు ఆ వరసలోనే ఎక్కి వచ్చి సరిగ్గా ఎనిమిదికి గేటు ముందు కారు ఆపాడు, ముక్కు పైకి పెట్టి. రోడ్డు చూసి, ఇవాళ ఇంట్లోనే నడుద్దాం సార్ అన్నాడు. లాజరో హాలులో గోడ పట్టుకుని ఆ కొసకూ ఈ కొసకూ నడిచాడు.

కుర్రాడు వెళ్లాక లాజరో వరండాలోకి తీసుకెళ్లమన్నాడు. మార్చి తర్వాత కార్లున్నప్పుడు ఆయన బయటికి రావడం అదే మొదటిసారి. కుర్చీలో కూర్చుని ఒకదాని వెనక ఒకటి ఎక్కుతున్న కార్లను చూశాడు. అవతల సర్కిస్ చెయ్యి ఎత్తితే ఈయనా ఎడమచెయ్యి ఎత్తాడు. హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఒఫేలియా ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. ఆయన అడుగులు నేనే తీసుకెళ్లి ఇంకొకరికి ఇచ్చేశాను అనుకుంది.

ఆయన పెదాలు కదుపుతున్నాడు. ఏదో మాట కూడదీసుకుంటున్నాడని తెలిసి ఆమె ఎదురుచూసింది.

"ఆవిడ," అన్నాడు చివరికి, గడ్డంతో కింది వీధి వైపు చూపిస్తూ. "ఇవాళ గేటు దాటి ఉంటుంది."

ఒఫేలియా తల ఆయన మోకాలికి ఆనించింది. దాటిందో లేదో వాళ్లిద్దరికీ ఎప్పటికీ తెలియదు.